వీల్ సిలిండర్ కారితే కప్పుల కిట్టా, కొత్త సిలిండరా?

వానలు తగ్గుముఖం పట్టాయంటే మా రాయగడలో ఈ ప్రశ్న మొదలవుతుంది. ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. "వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది. మిస్త్రీ కప్పుల కిట్టు వేస్తే చాలంటున్నాడు. వేయించమంటావా, కొత్త సిలిండరే కొనమంటావా?" వీల్ సిలిండర్ అంటే చక్రంతో తిరిగే బ్రేక్ డ్రమ్ము లోపల ఉండే చిన్న గొట్టం. పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడికి దానిలోని పిస్టన్లు లైనర్లను డ్రమ్ముకి అదుముతాయి, అప్పుడు బండి ఆగుతుంది. ఆయిల్ బయటికి రాకుండా పిస్టన్ల దగ్గర పట్టి ఉంచే రబ్బరు సీళ్లే కప్పులు. నన్నే ఎందుకు అడుగుతారంటే, నా పాత ఆల్టోకి ఈ రెండూ చేయించాను. ముందు కిట్టు, తర్వాత సిలిండర్. మొదటిదానికి పెట్టిన డబ్బు దండగైంది కాబట్టి నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది. అయినా కిట్టు వేసుకుని హాయిగా తిరుగుతున్న బండి మా చుట్టాల్లోనే ఒకటుంది. దాని సంగతీ చెబుతాను.

రెండేళ్ల కిందటి మాట. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కొద్దికొద్దిగా దిగుతోంది, నేల మీద మాత్రం చుక్క లేదు. లైనర్లు అరిగితే మట్టం దిగుతుంది కదా అని పట్టించుకోలేదు. ఒకరోజు టైరు లోపలి వైపు నల్లటి తడి చార కనిపించింది. షెడ్డుకి తీసుకెళ్తే డ్రమ్ము విప్పారు. ఎడమ సిలిండర్ కారి లైనర్ తడిసిపోయింది. కొత్త లైనర్లు వేసి, ఎడమ సిలిండర్‌కి కప్పుల కిట్టు మార్చారు. గంటలో పని అయిపోయింది. మిస్త్రీ పాత కప్పు చేతిలో పెట్టి, "చూడండి సార్, పెదవి గట్టిపడి చిట్లిపోయింది, అంతే" అన్నాడు. నిజంగానే చిట్లింది. నేనూ నమ్మాను.

నాలుగు నెలలు తిరక్కుండానే, కోరాపుట్‌లో మా చెల్లెలి ఇంటి నుంచి సుంకి మీదుగా సాలూరు దిగుతున్నాం. ఒక మలుపు దగ్గర పెడల్ నొక్కితే ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా కిందికి జారింది. రెండోసారి నొక్కితే పట్టింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. ఎవరికీ ఏమీ చెప్పకుండా సెకండ్ గేరులో వేసి, ఇంజన్ పట్టు మీదే మెల్లగా దించాను. బ్రేకులు బాగున్నా సరే, ఘాటీ దిగేటప్పుడు ఇదే అలవాటు చేసుకోవాలి. ఆ మాట వేరు. సాలూరులో విప్పించి చూస్తే అదే చక్రం, అదే సిలిండర్, కొత్త లైనర్ మీద మళ్లీ తడి.

ఈసారి పిస్టన్లు బయటికి తీయించి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, నిగనిగలాడుతూ కనిపించింది. ఇంకొంచెం వంచి చూస్తే మధ్య స్ప్రింగ్ ఉండే చోటికి అటూ ఇటూ గోధుమ రంగు చుక్కలు. మామూలు మరక అయితే తుడిస్తే పోయేది. ఇవి అమ్మవారు పోసిన ముఖం మీద మచ్చల్లా గుంటలు. చిటికెన వేలి గోరు పెట్టి జరిపితే టక్కున తగిలింది. కప్పు చూస్తే కొత్తగానే ఉంది, దాని పెదవి మీద మాత్రం సన్నటి గీతలు.

నా దృష్టిలో కిట్టా, సిలిండరా అన్నది తేల్చాల్సింది ఈ బోరు ఒక్కటే. ధర, టైము, కంపెనీ పేరు అన్నీ దాని తర్వాతే. రబ్బరు కప్పు గట్టిగా పట్టాలంటే అది ఆనే గోడ నున్నగా ఉండాలి. పెచ్చులూడిన గోడకి ఎంత మంచి రంగు వేసినా నిలవదు కదా.

మరి నాలుగు నెలల్లోనే ఎందుకు కారింది? ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. బ్రేకు వేసినప్పుడల్లా పిస్టన్ కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. కప్పు పెదవి రోజూ అంత మేరే రాసుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడ గోడ మెరుస్తూ ఉంటుంది. లైనర్లు అరిగేకొద్దీ పిస్టన్లు మెల్లగా బయటి వైపు జరుగుతాయి. వెనక వదిలేసిన చోట నీళ్లు చేరిన ఆయిల్ ఏళ్ల తరబడి నిలవుండి గోడను తినేస్తుంది. ఇప్పుడు కొత్త లైనర్లు వేశారనుకోండి. అవి మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్లను లోపలికి నెడతాయి. కొత్త కప్పు పోయి సరిగ్గా ఆ తిన్న చోట కూర్చుంటుంది. "లైనర్లు మార్పించాకే కారడం మొదలైంది, షెడ్డువాడే ఏదో చేశాడు" అని తిట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే. నా కథా ఇదే. మిస్త్రీ చేతిపనిలో తప్పు లేదు. బోరు చూడకుండా కిట్టు వేయడమే తప్పు.

బ్రేక్ ఆయిల్‌కి నీళ్లను పీల్చుకునే గుణం ఉందని మీకు తెలుసు. డబ్బా మూత గుండా, రబ్బరు హోసుల గుండా తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌లా ఇది తిరుగుతూ ఉండదు. చివరనున్న వీల్ సిలిండర్‌లో ఉన్న ఆయిల్ మనం మార్చేదాకా అక్కడే ఉంటుంది. మా వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా గాల్లోనే నీళ్లుంటాయి. కాజ్‌వేల మీద నీళ్లలోంచి బండి దాటించడం మామూలే. సిలిండర్ చివర దుమ్ము పోకుండా ఉండే రబ్బరు తొడుగు, అదే బూటు, చిరిగిందంటే ఆ నీళ్లు బయటి వైపు నుంచి కూడా బోరును తినడం మొదలుపెడతాయి. అందుకే మా ప్రాంతంలో సిలిండర్ బయటికి కారే సమయానికి బోరు బాగుందంటే నేను ఆశ్చర్యపోతాను.

"ఎమరీ పేపర్‌తో రుద్దితే పోతుందిగా?" అని అడుగుతారు. మరక పోతుంది, గుంట పోదు. గుంట పోయేదాకా రుద్దితే బోరే పెద్దదై కప్పు వదులవుతుంది. కొన్ని బండ్ల సిలిండర్లు పోత ఇనుమువి కావు, అల్యూమినియంవి. వాటి లోపల గట్టి పూత ఉంటుంది, ఎమరీ పెడితే ఆ పూత కాస్తా లేచిపోతుంది.

ఇప్పుడు కిట్టు తరఫు మాట. గుణుపురంలో మా తోడల్లుడి బండికి తొమ్మిదో ఏట ఒక సిలిండర్ చెమ్మగిల్లింది. ఆయన రెండేళ్లకోసారి తప్పకుండా బ్రేక్ ఆయిల్ మార్పిస్తాడు, బండి రేకుల షెడ్డు కింద ఉంటుంది. విప్పి చూస్తే బోరు అద్దంలా ఉంది, గోరు ఎక్కడా తగల్లేదు. కప్పులు మాత్రం వయసుకి గట్టిపడ్డాయి. కిట్టు వేయించాడు, రెండేళ్లుగా చుక్క లేదు. అలాంటి బోరుకి కొత్త సిలిండర్ కొనమని నేనూ చెప్పను. ఒకటే జాగ్రత్త: కప్పులు ఎక్కించేటప్పుడు బ్రేక్ ఆయిలే రాయాలి. పెట్రోలుతో, డీజిలుతో కడిగినా, మామూలు గ్రీజు పూసినా ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. షెడ్డులో డీజిల్ మగ్గు మిస్త్రీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది కాబట్టి దగ్గరుండి చూసుకోండి.

కిట్టుకి ఇంకో గట్టి బలం ఉంది, దాన్ని ఒప్పుకోక తప్పదు. కప్పులు మార్చడానికి సిలిండర్‌ను అది బిగించి ఉన్న ప్లేటు నుంచి ఊడదీయక్కర్లేదు, వెనకున్న బ్రేక్ పైపు నట్టు జోలికే వెళ్లక్కర్లేదు. కొత్త సిలిండర్‌కి ఆ నట్టు విప్పాల్సిందే. వానల్లో నానిన బండికి అది పైపుతో కలిసి తుప్పు పట్టి కరుచుకుని ఉంటుంది. సాలూరులో ఎడమది మార్పించాక, కుడిది ఇంటి దగ్గర నేనే మారుస్తానని కూర్చున్నాను. మామూలు 10 నంబరు పానా పెట్టి తిప్పాను. నట్టు కదిలిందని సంబరపడేలోపే పైపు కూడా దాంతోపాటు మెలితిరిగి చీలింది. రాయగడలో ఆ పైపు దొరకలేదు. పార్వతీపురం వెళ్లి తెచ్చేసరికి రెండు రోజులు బండి జాకీల మీదే ఉంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి, పైపు నట్టు కోసమే చేసిన, పక్కన చీలిక ఉన్న రింగు పానా వాడాలి. నాకు ఇవి రెండూ తెలుసు. బద్ధకించాను.

డబ్బు లెక్కకొస్తే, నాకు కిట్టు వంద రూపాయల లోపే అయింది, కొత్త సిలిండర్ ఒక్కొక్కటి ఆరొందల లోపు. చూడ్డానికి తేడా పెద్దదే. కానీ డ్రమ్ము విప్పడం, ఎయిర్ తీయడం (పైపుల్లో చేరిన గాలిని వెళ్లగొట్టడం), ఆయిల్ ఖర్చు, కూలి రెండింటికీ ఒకటే. కిట్టు విఫలమైతే ఇవన్నీ మళ్లీ పెట్టాలి, పైగా తడిసిన కొత్త లైనర్లు అవతల పడేయాలి. లైనర్‌ను పెట్రోలుతో కడిగి ఎండబెట్టి మళ్లీ వేస్తామనే వాళ్లుంటారు, ఒప్పుకోకండి. లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది. మారిస్తే రెండు వైపులా మార్చాలి, లేదంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

సిలిండర్ల విషయంలోనూ నాది అదే మాట, రెండూ మార్చండి. ఒకటే వయసు, తాగింది ఒకటే ఆయిల్. ఎడమది పోయిందంటే కుడిది క్యూలో ఉన్నట్టే.

కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. బయటికి అచ్చం ఒకేలా ఉండి బోరు సైజు తేడా ఉండే రకాలుంటాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, దాని కింది సైజు 17.46. చూపుకి ఏమీ తెలియదు. కానీ అదే ఒత్తిడికి పెద్దది సుమారు 19 శాతం ఎక్కువ బలంతో తోస్తుంది. ఒక పక్క అదీ, ఒక పక్క ఇదీ పడితే బండి నేరుగా ఆగదు. బండి కంపెనీ డబ్బా దొరికితే అదే మేలు. లేదంటే బ్రేక్స్ ఇండియా లాంటి పేరున్న కంపెనీ డబ్బా. పేరూ ఊరూ లేకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చేవాటికన్నా, గోరు తగలని పాత బోరుకి మంచి కిట్టు వేయడం నయం. కొత్తదైనా కొట్లోనే బూటు ఎత్తి లోపలికి చూడండి. ఎన్ని వానాకాలాలు అరలో ఉందో మనకు తెలియదు.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. బోరుకి ఇత్తడి గొట్టం దిగ్గొట్టి కొత్తదానిలా చేయించడం అంబాసిడర్ లాంటి పాత బండ్లకి పనికొస్తుంది, దొరికే సిలిండర్‌కి ఆ శ్రమ ఎందుకు? వెనక డిస్కులు పెట్టించడం మన చిన్న కార్లకి డబ్బు దండగ. కారే చక్రం పైపును నొక్కేసి ఊరు చేరేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. పెడల్ అడుగంటా తొక్కితే పెడల్ తోసే మాస్టర్ సిలిండర్‌లో కూడా కప్పులు ఎన్నడూ వెళ్లని తుప్పు చోటికి వెళ్లి పాడవుతాయి. అక్కడా ఇదే కథ. ఆయిల్ విషయంలో, మూత మీద డాట్ 3 అని ఉన్న బండికి డాట్ 4 పోసినా ఇబ్బంది లేదు, బ్రేకులు వేడెక్కినా అది త్వరగా మరగదు కాబట్టి ఘాటీ తిరిగేవాళ్లకి అదే మంచిది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీళ్లు చేరాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. డాట్ 5 అని వచ్చే సిలికాన్ రకం మాత్రం వీటిలో కలపకూడదు.

ఆయిల్ మార్చిన తేదీ డబ్బా మూత మీద తెల్ల టేపు అంటించి రాసుకుంటున్నాను. డ్రమ్ము విప్పినప్పుడల్లా బూటు అంచును మొద్దు స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తి చూస్తాను. లోపల పొడిగా ఉంటే సరే, కాస్త చెమ్మ ఉన్నా సరే, చుక్క జారిందంటే సిలిండర్ పని అయిపోయినట్టే. మొన్న ఆదివారం విప్పితే ఎడమ బూటు కింద పొడి దుమ్మే ఉంది. కుడి పక్క కొంచెం చెమ్మ తగిలింది. తుడిచి మూసేశాను, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ విప్పి చూడాలి.