పాతవాడి పీట మీద కొత్తవాడు: మరుగున పడ్డ పాత్రలూ, కొత్త పాత్రలూ – ఏళ్ళ వాడకం తర్వాత సమీక్ష

ట్రాన్స్‌ఫార్మర్స్, అంటే వాహనం నుంచి రోబోగా మారే బొమ్మల్లో ఒకడైన ఆల్ఫా బ్రావోని బొమ్మగా చూస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. హెలికాప్టర్ తికమక పెట్టకుండా రోబోగా మారుతుంది. ఆ రోబోని, అయిదు బొమ్మలు కలిసి తయారయ్యే సుపీరియన్ అనే పెద్ద రోబోకి చేయిగా పెట్టినా, కాలుగా పెట్టినా నిలబడుతుంది. అయినా 2015లో ట్రాన్స్‌ఫార్మర్స్ కాంబైనర్ వార్స్ వరస వచ్చిన నాటి నుంచి ఈ పేరెత్తితే పాత అభిమానుల మొహం చిట్లుతుంది. తప్పు ప్లాస్టిక్‌ది కాదు. స్లింగ్‌షాట్ కూర్చోవలసిన పీట మీద అతన్ని కూర్చోబెట్టారు, అంతే.

సుపీరియన్‌గా కలిసే ఏరియల్‌బాట్స్ జట్టు అంటే అయిదుగురూ విమానాలే: సిల్వర్‌బోల్ట్, ఎయిర్ రెయిడ్, ఫైర్‌ఫ్లైట్, స్కైడైవ్, స్లింగ్‌షాట్. 1980ల బొమ్మల్లో ఈ లెక్క పిల్లలకి కూడా నోటికొచ్చేది. కాంబైనర్ వార్స్‌లో అయిదో చోటు హెలికాప్టర్‌కి వెళ్ళింది. అలాగే కలిసే మెనాసర్ జట్టులో వైల్డ్‌రైడర్ చోట ఆఫ్‌రోడ్ వచ్చాడు. డిఫెన్సర్ జట్టులో గ్రూవ్ చోట రూక్ వచ్చాడు, గ్రూవ్ ఏమో చిన్న సైజుకి దిగిపోయి ఛాతీకి తగిలించే ముక్కయ్యాడు. మూడు జట్లలోనూ ఒకే పని చేశారు. తర్వాత స్లింగ్‌షాట్‌ని క్విక్‌స్లింగర్ అనే పేరుతో, వైల్డ్‌రైడర్‌ని బ్రేక్‌నెక్ అనే పేరుతో విడిగా తెచ్చారు. అప్పటికే జట్టు మొత్తం కొన్నవాళ్ళు అదే జట్టుకి ఆరో బొమ్మ కొనాల్సి వచ్చింది.

కాంబైనర్ వార్స్ నుంచి లెగసీ దాకా ట్రాన్స్‌ఫార్మర్స్, క్లాసిక్స్ నుంచి ఒరిజిన్స్ దాకా మాస్టర్స్ ఆఫ్ ద యూనివర్స్ (హీమాన్ బొమ్మలు) – ఈ వరసల బొమ్మల్ని విశాఖ ఉప్పుగాలిలో ఏళ్ళ తరబడి తిప్పి, విడదీసి, కలిపి, తుడిచి చూసిన మీదట నా తీర్పు ఇది: మరుగున పడ్డ పాత్రని తిరిగి తేవడమా, కొత్త పాత్రని పుట్టించడమా అన్న వాదనలో సగం వృథా. చూడాల్సింది ఆ బొమ్మ చేసే పని ఇంకెవరైనా ఇప్పటికే చేస్తున్నారా లేదా అన్నది.

తయారీదారు వైపు లెక్క తెలియకపోతే ఇది అర్థం కాదు. మన పక్కనే ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణె మీద తిప్పి, లక్కతో రంగు పట్టిస్తారు. కొత్త ఆకారం కావాలంటే ఖర్చు ఒక కర్ర ముక్క, ఒక పూట పని. పోయిన ప్రకృతి రంగుల్ని అక్కడ మళ్ళీ వాడకంలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ పాతది తేవడానికీ కొత్తది చేయడానికీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ప్లాస్టిక్ బొమ్మ అలా కాదు. ఒక్కో రోబోకి పదుల ముక్కలు, ఆ ముక్కలన్నిటికీ ఉక్కు అచ్చులు. అచ్చు ఖర్చు వేల బొమ్మల మీద పరుచుకుంటే తప్ప గిట్టదు. అందుకే ఒక అచ్చులోంచి ముగ్గురు నలుగురిని తీస్తారు: ఒకసారి రంగు మార్చి, ఒకసారి తల మార్చి. 1984లో స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్ ముగ్గురూ ఒకే అచ్చు. ఆల్ఫా బ్రావో హెలికాప్టర్ అచ్చు కూడా బ్లేడ్స్, ఆ తర్వాత వోర్టెక్స్ అనే వేరే హెలికాప్టర్ రోబోలకి పనికొచ్చింది. అచ్చు లెక్కలో అది తెలివైన పనే. జట్టు లెక్కలో పీట లాగేసుకున్నట్టయింది.

మరుగున పడ్డ పాత్రల్ని సరిగ్గా ఎలా తేవాలో చూడాలంటే 2019 ట్రాన్స్‌ఫార్మర్స్ సీజ్ వరసలోని వెపనైజర్స్‌ని చేతిలోకి తీసుకోవాలి. కాగ్, సిక్స్‌గన్, బ్రంట్. ముగ్గురూ ఒకప్పుడు స్వతంత్రంగా అమ్మిన బొమ్మలు కారు. సిక్స్‌గన్ మెట్రోప్లెక్స్ పెట్టెలో, బ్రంట్ ట్రిప్టికాన్ పెట్టెలో, కాగ్ 1987 ఫోర్ట్రెస్ మాక్సిమస్ పెట్టెలో, అంటే పెద్ద రోబో బొమ్మల వెంట అదనంగా వచ్చినవాళ్ళు. ముప్ఫై ఏళ్ళ తర్వాత వాళ్ళకి ఒక్కొక్కరికీ డీలక్స్ సైజు, అంటే సుమారు 14 సెంటీమీటర్ల ఒళ్ళు, దాంతోపాటు ఒక ఉద్యోగం ఇచ్చారు. బొమ్మ ముక్కలుగా విడిపోయి వేరే బొమ్మలకి తుపాకులుగా, కవచంగా మారుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్స్ వరసలన్నిటిలోనూ ఆయుధం పెగ్ (కన్నంలో దూర్చే బొడిపె) 5 మిల్లీమీటర్లు, కన్నం కూడా అదే కొలత, కాబట్టి సీజ్‌లో కొన్న కాగ్ ముక్క లెగసీలో కొన్న బొమ్మ భుజానికీ పడుతుంది. పేలుడు, మంట ముక్కలకి మాత్రం కొలత 3 మిల్లీమీటర్లు. రెండూ కలపకూడదు.

వాడకంలో తెలిసేది ఇంకొకటి. కాగ్ ముక్కలన్నీ ఒకే డీలక్స్ బొమ్మకి ఎక్కిస్తే బరువు వెనక్కి పడి బొమ్మ తూలుతుంది. బరువైన ముక్కలు రెండు కాళ్ళకి, మిగతావి ముంజేతులకి పంచి, ఒక పాదం అర అంగుళం వెనక్కి పెడితే నిలుస్తుంది. డీలక్స్ కన్నా పెద్దదైన వాయేజర్ సైజు బొమ్మకైతే ఈ తంటా లేదు. పెగ్గులు అన్నీ ఒకేలా బిగుసుకోవు. రంగు మారితే ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ముడుచుకునే తీరు కొద్దిగా మారుతుంది, అందుకే అదే అచ్చులోంచి వచ్చిన రెండు బొమ్మల్లో ఒకటి వదులుగా, ఒకటి మొండిగా ఉంటుంది. వదులైన పెగ్గుకి ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక్క చుట్టు చాలు. రెండు చుట్లు వేస్తే కన్నం గోడ తెల్లబారి చివరికి చీలుతుంది. మొండి పెగ్గుని 800 నంబరు గరుకు కాగితంతో నాలుగు సార్లు తిప్పి, తుడిచి, మళ్ళీ చూడాలి. బలం మాత్రం పెట్టొద్దు.

కొత్త పాత్రల్లో దీనికి సరితూగేవి 2021 కింగ్‌డమ్ వరసలోని ఫాసిలైజర్స్: పేలియోట్రెక్స్, రాక్టోనైట్, వింగ్‌ఫింగర్. ఎముకల గూడులాంటి రాక్షసబల్లి, విడదీస్తే పక్క బొమ్మకి ఎముకల కవచం. వీళ్ళకి ముందు ఈ పని చేసినవాడు లేడు, అందుకే వీళ్ళ రాకతో ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ముక్కలు చిన్నవి కాబట్టి ఆడుకునే ముందు అడుగున పళ్ళెం పెట్టుకోవడం మంచిది. బంతి కీలు ఊడితే లాగకండి, నొక్కండి, టిక్కుమని కూర్చుంటుంది.

విండ్‌బ్లేడ్ అనే ట్రాన్స్‌ఫార్మర్స్ రోబో కథ వేరు. 2013లో అభిమానుల చేతే ఓట్లు వేయించి, ఆడ రోబోనా మగ రోబోనా, ఏం వాహనం, ఏం ఆయుధం అన్నీ వాళ్ళ చేతే తేల్పించి, 2014లో బొమ్మ తెచ్చారు. అదే సమయంలో కామిక్స్‌లో ఆమెకి సొంత చోటు దొరికింది. డ్రిఫ్ట్ కూడా అంతే, ముందు 2008 కామిక్స్‌లో కత్తి పట్టుకుని వచ్చి, తర్వాత 2010లో బొమ్మయ్యాడు. ఇప్పుడు ఈ ఇద్దరూ కొత్తవాళ్ళని ఎవరికీ గుర్తు లేదు. నా దృష్టిలో కొత్త పాత్రకి పడే అతి కష్టమైన పరీక్ష అదే. పెట్టె వెనక రెండు వాక్యాల పరిచయం మాత్రమే ఉన్న కొత్త పాత్ర షెల్ఫ్ మీద రెండేళ్ళు గడిచేసరికి ‘ఆ ఆకుపచ్చది’ అయిపోతుంది.

మాస్టర్స్ ఆఫ్ ద యూనివర్స్ వైపు 2012 ఒక మంచి ప్రయోగశాల. 30 ఏళ్ళ పండగ పేరుతో క్లాసిక్స్‌లో ఆరు బొమ్మలు విడి చందాగా వచ్చాయి: ఫియర్‌లెస్ ఫోటోగ్, డ్రేగోమాన్, సర్ లేజర్‌లాట్, మైటీ స్పెక్టర్, సైచాప్, క్యాజిల్ గ్రేస్కల్ మాన్. వీటిలో ఫోటోగ్‌ని కొత్తవాడనాలా పాతవాడనాలా తేలదు. 1980లలో పిల్లల పోటీలో గెలిచిన బొమ్మ, అప్పట్లో తయారు కాలేదు. తల స్థానంలో కెమెరా. పాతికేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి అది బాకీ తీర్చడం. అదే వరసలో మైటీ స్పెక్టర్ మీద మాత్రం అభిమానులు గట్టిగానే విరుచుకుపడ్డారు. ఎవరూ అడగని పాత్ర, ఎవరూ లోటు పడని పాత్ర అన్నది వాళ్ళ మాట, నేనూ దాన్ని కాదనను.

పాత అచ్చులతో కొత్తవాళ్ళని ఎలా పుట్టించాలో 1980ల వాళ్ళే చూపించారు. స్టింకర్‌కి మెర్‌మాన్ తలే పెట్టారు, రంగు మార్చారు, ప్లాస్టిక్‌లో పచ్చౌలి నూనె కలిపారు. పెట్టె తెరిస్తే కంపు, ఆ కంపే పాత్ర. మాస్ మాన్ అంటే బీస్ట్ మాన్ ఒంటికి ఆకుపచ్చ నూగు. ఫేకర్ అయితే మరీను: నీలం రంగు హీమాన్, స్కెలెటర్ కవచం. నకిలీ హీమాన్‌కి నకలు ఒళ్ళే కావాలి కదా! రంగు మార్పులో ఇంతకన్నా నిజాయితీ ఉన్న బొమ్మ ఇంకొకటి నేను చూడలేదు. తల కూడా మార్చకుండా, ఏ ఆలోచనా లేకుండా, ఒట్టి పేరు నిలబెట్టడానికి రంగు పులిమి వదిలే పునరుద్ధరణలకి మాత్రం డబ్బు పెట్టొద్దు.

పేరు నిలబెట్టడం అన్నాను. అమెరికా చట్టంలో వరసగా మూడేళ్ళు వాడని ట్రేడ్‌మార్క్‌ని వదిలేసుకున్నట్టుగా ప్రాథమికంగా లెక్కిస్తారు. మరుగున పడ్డ పాత్రల పేర్లు హఠాత్తుగా ఎక్కడో ఒక బొమ్మకి అతుక్కోవడానికీ, పాత పాత్ర వేరే పేరుతో రావడానికీ పేర్ల హక్కులే ముఖ్య కారణం. ట్రెయిల్‌బ్రేకర్ 2013లో ట్రెయిల్‌కట్టర్‌గా వచ్చి, తర్వాత మళ్ళీ అసలు పేరు పుచ్చుకున్నాడు. కొనేవాళ్ళు ఆన్‌లైన్‌లో రెండు పేర్లతోనూ వెతకాలి. క్విక్‌స్లింగర్ అని వెతకనివాళ్ళకి స్లింగ్‌షాట్ దొరకడు.

పాతవాళ్ళని తిరిగి తేవడానికి ఇంకో గట్టి కారణం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. 1980ల చివర, 1990లలో లోహపు మెరుపు చారలు తిరిగే బంగారు రంగు ప్లాస్టిక్‌తో వచ్చిన బొమ్మల్లో చాలావాటికి ప్లాస్టిక్ తనంత తానే పెళుసై, పట్టుకుంటే బిస్కెట్‌లా విరుగుతుంది. పెట్టెలో సీలు తీయకుండా దాచినా ఇదే గతి, ఎందుకంటే లోపం ఆ రంగు ముడిసరుకులోనే ఉంది. అలాంటి పాత్రని చేతిలో పట్టుకుని తిప్పాలంటే కొత్త బొమ్మ ఒక్కటే దారి. పాతది కొంటుంటే బంగారు రంగు ముక్క ఉందేమో అడగండి. ఉంటే మార్చి చూపించమనకండి, షెల్ఫ్ బొమ్మగానే లెక్క కట్టండి.

ఇక విశాఖలో ఇవి ఎలా బతుకుతాయన్నది. ఎం.వి.పి. కాలనీ, లాసన్స్ బే వైపు కిటికీ తెరిచి ఉంచే ఇళ్ళలో మొదట దెబ్బ తినేది స్క్రూలు, కీళ్ళలోని ఉక్కు పిన్నులు. తుప్పు తెల్ల ప్లాస్టిక్ మీదకి గోధుమ రంగు మరకగా దిగుతుంది. అద్దాల అలమరలో అరకి రెండు సిలికా జెల్ పొట్లాలు, వానాకాలంలో నెలకోసారి మార్పు, తుడవడానికి పొడి బ్రష్. నూగు ఉన్న బొమ్మలకి తడి తగలకూడదు, బూజు పడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ భాగాలు బంకబంకగా అయితే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో వేసి కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పాలిథిన్ కవర్లో మూసి పెడితే బంక తిరిగి వస్తుంది. మే నెల ఎండకి పలుచని కత్తులు, చీలమండలు వంగితే 60–70 డిగ్రీల నీళ్ళలో ఒక నిమిషం ముంచి, సరిచేసి, వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టాలి. వదులైన బంతి కీలుకి ఫెవిక్విక్ వద్దు, ఒక్కసారి పట్టేస్తే కాలు విరగ్గొట్టడమే. బొమ్మలేసేవాళ్ళు వాడే నీటి ఆధారిత వార్నిష్ పలుచగా రెండు పూతలు వేసి, ఒక్కో పూతకీ ఒక రోజు ఆగాలి.

ఊళ్ళో దొరకడం కష్టమే. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా తప్పనిసరి. దుకాణం వాడు ఇంత భారం మీద ఆప్టిమస్ ప్రైమ్, బంబుల్‌బీ తప్ప తెప్పించడు, బ్రంట్‌ని అసలు తెప్పించడు. కాబట్టి మరుగున పడ్డ పాత్ర కోసం తోటి సేకర్తల దగ్గర మార్పిడే నమ్మకమైన దారి. పాత ఇళ్ళ అటకల మీద ఫన్‌స్కూల్ జి.ఐ.జో, లియో హీమాన్ కనిపిస్తే వదలకండి. రంగులు అమెరికా బొమ్మలకి వేరుగా ఉండడం వల్ల బయటి సేకర్తలు వాటిని అడిగి మరీ తీసుకుంటారు. జి.ఐ.జో నడుములో రబ్బరు రింగు ఎండిపోయి తెగి ఉంటుంది, వీపు స్క్రూ విప్పి పాత రింగుని ప్లంబింగ్ సామాన్ల కొట్టుకి పట్టుకెళ్ళి కొలత సరిచూసుకోవాలి.

జట్టు బొమ్మలకి ఇప్పుడు నా ఓటు లెగసీ స్టంటికాన్స్‌కి, అంటే మెనాసర్ జట్టుకి. మోటర్‌మాస్టర్, డ్రాగ్‌స్ట్రిప్, డెడ్ ఎండ్, బ్రేక్‌డౌన్, వైల్డ్‌రైడర్ – అయిదుగురూ అసలువాళ్ళే. చేయీ కాలూ బిగించే ముందు ప్రతి కీలు పిన్నూ వెలుతురులో ఒకసారి చూసుకోండి. పిన్ను తల ప్లాస్టిక్ అంచుకన్నా పైకి కనిపిస్తే, వెనక్కి తట్టాకే బరువు మోయించండి.