బటన్ ఫోన్ కొనేవాళ్ళు జాగ్రత్త: పెట్టె మీద 4జీ, లోపల 2జీ

నిన్న సాయంత్రం, షాపు నిండా జనం ఉండగా, 71 ఏళ్ళ మా నాన్నతో కౌంటర్‌లో ఉన్నతను అన్న మాట ఇది: "డబ్బా ఫోన్ వాడేవాళ్ళకి 2జీ అయితే ఏంటి, 4జీ అయితే ఏంటి పెద్దాయనా? నీకేమన్నా తెలుస్తుందా?"

రాత్రంతా నిద్ర పట్టలేదు. పోయింది 2,650 రూపాయలు. డబ్బు సంగతి అటుంచండి, ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మళ్ళీ పనుల్లో పడితే "పోనీలే" అనుకుని వదిలేస్తానని నాకు తెలుసు. అలా అందరం వదిలేయబట్టే వీళ్ళు ఇలా అమ్ముతున్నారు.

గుంటూరులోనే. షాపు పేరు రాయను. పండక్కి వచ్చినప్పుడల్లా మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చాలామంది ఫోన్లు కొనే షాపులాంటిదే, కొత్తదేం కాదు. మేమూ ఆ నమ్మకంతోనే వెళ్ళాం.

జరిగింది తొందరగా చెప్పేస్తాను. నాన్న దగ్గర ఏళ్ళ తరబడి నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఫోన్ అది, పైన టార్చిలైటు ఉంటుంది, మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. రెండేళ్ళ క్రితం రీచార్జి ఖర్చు తగ్గుతుందని ఇంట్లో అందరి నంబర్లూ నేనే జియోకి మార్పించాను. జియోకి 2016లో మొదలైనప్పటి నుంచీ పాత తరం నెట్‌వర్క్ అయిన 2జీ లేదు, 4జీ, ఆ పైవే. దాంతో 2జీ మాత్రమే ఉన్న నాన్న పాత ఫోన్ ఒక్కరోజులో పనికిరాకుండా పోయింది. "ఎలాగూ మార్చాలిగా" అని నేనే ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాను. ఆయన్ని అడగలేదు. ఈ పండక్కి ఇంటికి వెళ్తే ఆయనే నోరు తెరిచి అడిగారు, "అమ్మా, నాకు మళ్ళీ బటన్ల ఫోన్ కొనిపెట్టవా" అని. సరేనని మర్నాడే తీసుకెళ్ళాను. ఆ స్మార్ట్‌ఫోన్‌ని చదువుకి పనికొస్తుందని పక్కింటి పిల్లాడికి ఇచ్చేశారు.

షాపులో నేను స్పష్టంగానే అడిగాను. జియో సిమ్ పని చేసే బటన్ ఫోన్ కావాలి, 4జీ ఉండాలి అని. పేరున్న కంపెనీ పెట్టె తీశాడు. పైన పెద్ద అక్షరాలతో 4జీ అని ఉంది. ఫోన్‌లో తన సిమ్ వేసి, తన ఇంకో ఫోన్‌కి కాల్ చేసి చూపించాడు. గంట మోగింది, మాట వినిపించింది. నాన్న సంబరంగా బటన్లు నొక్కి చూసుకున్నారు. ఆ సిమ్ వేరే నెట్‌వర్క్‌దని, 2జీలో కూడా పని చేసేదని నాకు అప్పుడు తట్టలేదు. నాన్న సిమ్ వేసి చూపించమని ఒక్క మాట అని ఉంటే అక్కడికక్కడే బయటపడేది. రోజంతా ఫోన్‌తోనే పని చేసేదాన్ని, నాకా మాత్రం తెలియకపోవడమేంటని నిన్నటి నుంచి నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

బిల్లు అడిగితే "జీఎస్టీ బిల్లయితే ఇంకో 18 శాతం అవుతుంది మేడమ్, ఎందుకు, మేం ఎక్కడికీ పోం" అన్నాడు. ఎస్టిమేట్ అని రాసున్న తెల్ల చీటీ మీద 2,650 వేసిచ్చాడు. పెట్టె మీద ఉన్న ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. బిల్లు ఇచ్చినందుకు మళ్ళీ 18 శాతం అడగడానికి వీల్లేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ బస్సుకి టైమవుతోందని చీటీ తీసుకుని వచ్చేశాను. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు షాపు పేరు మీదకి కాకుండా ఎవరిదో మనిషి పేరు మీదకి వెళ్ళింది. అది కూడా చూసి ఊరుకున్నాను.

ఆ రాత్రే నేను హైదరాబాద్ వచ్చేశాను. నాన్న ఇంటికెళ్ళి సిమ్ వేసుకుంటే సిగ్నల్ రాలేదు. ఊళ్ళో టవర్ పని చేయట్లేదేమో అనుకున్నారట. మేడ మీదకి వెళ్ళి చూశారట, పొలం గట్టు మీద నిలబడి చూశారట. ఫోన్ ఆపి, సిమ్ తీసి, పంచెకి తుడిచి మళ్ళీ వేశారట. నాలుగు రోజులు. నాకు చెప్పొద్దని అమ్మకి చెప్పారు, "ఆఫీసులో ఉంటుంది, దానికెందుకు టెన్షన్" అని. ఆ నాలుగు రోజుల్లోనే యార్డు నుంచి కమీషన్ ఆయన కోల్డ్ స్టోరేజీలో ఉన్న బస్తాల సంగతి మాట్లాడదామని రెండుసార్లు చేశాడట, కలవలేదు. చివరికి అమ్మ ఆగలేక తన ఫోన్ నుంచి వీడియో కాల్ చేసి నాకు చెప్పింది.

నిన్న సెలవు పెట్టుకుని వెళ్ళాను. ముందు ఇంట్లోనే అంతా చూశాను. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, వస్తుంది కదా, అది పెట్టె మీద ఉన్న నంబర్‌తో కలవలేదు. బ్యాటరీ తీసి చూస్తే లోపల స్టిక్కర్ మీద మూడో నంబర్ ఉంది. ఒక ఫోన్‌కి మూడు రకాల నంబర్లు! ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి, ఒక్కో నంబర్ వేసి, ఫోన్ అసలుదో కాదో చెప్పే ప్రభుత్వ నంబర్ 14422కి మెసేజ్ పెట్టాను. పెట్టె మీద నంబర్‌కి కంపెనీ పేరు, మోడల్ సరిగ్గానే వచ్చాయి. ఫోన్‌లో కనిపించిన నంబర్ మాత్రం చెల్లదని వచ్చింది. అంటే పెట్టె అసలుది, లోపల ఫోన్ నకిలీది. 2జీ మాత్రమే ఉన్న నకిలీ ఫోన్. జియో సిమ్ అందులో ఏ టవర్ కింద నిలబడినా పని చేయదు. నాన్న నాలుగు రోజులు మేడ ఎక్కి దిగింది దీని కోసం.

అవన్నీ ఫోటోలు తీసుకుని, నాన్నని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాను. నాన్న అలవాటు ప్రకారం చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చారు. మొదట అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. చీటీ చూశాక గొంతు మారింది. "దీని మీద మా షాపు పేరెక్కడుంది మేడమ్? ఇక్కడే కొన్నారని ఏంటి రుజువు?" అన్నాడు. చీటీ మీద పేరు లేకుండా ఇచ్చింది అతనే. నేను డబ్బు పంపినట్టు చూపించాను. "ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు" అన్నాడు. అప్పుడు నాన్న చాలా నెమ్మదిగా, "బాబూ, నువ్వే కదా ఆ రోజు కాల్ చేసి చూపించావు, ఇందులో 4జీ రావట్లేదంట" అన్నారు.

దానికి అతను చెప్పిన జవాబే మొదట రాసింది. అక్కడితో ఆగలేదు. పక్కనున్న కుర్రాళ్ళ వైపు తిరిగి, "ఈ రోజుల్లో కూడా బటన్ ఫోన్ కావాలని వస్తారు, మళ్ళీ వాటికి వారంటీలు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. తర్వాత నాతో, "ఇది 500కి వేసుకుంటాను, మంచి స్మార్ట్‌ఫోన్ తీసుకెళ్ళండి, 9,500లో ఉంది. పెద్దాయనకి నొక్కడం రాకపోతే మనవడు నేర్పిస్తాడు" అన్నాడు.

నేను గట్టిగానే మాట్లాడాను. అవన్నీ ఇక్కడ రాయను. కానీ నాన్న ఆ ఫోన్‌ని కౌంటర్ మీద నుంచి తీసుకుని, రుమాలులో చుట్టుకుని, జేబులో పెట్టుకుని "వెళ్దాం పదమ్మా" అన్నారు. ఆటోలో కూర్చున్నాక ఇంకో మాట అన్నారు. "నేను ఆ టచ్ ఫోన్‌తోనే సర్దుకుని ఉంటే నీకు ఈ మాటలు పడే పని ఉండేది కాదు."

మోసం చేసింది వాడు. తప్పు చేసినట్టు తల దించుకుంది మా నాన్న. దీన్నే నేను తట్టుకోలేకపోతున్నాను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. "నొక్కడం రాదా" అన్న మాట నాన్న వినడం నిన్నే మొదటిసారి కాదు. రెండేళ్ళుగా నేనే అంటున్నాను. ఫోన్ ఎత్తలేదంటే "పక్కకి జరపాలి నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి" అని విసుక్కున్నాను. ఆయన చేతులెప్పుడైనా చూశానా నేను? యాభై ఏళ్ళు పలుగూ పారా పట్టిన చేతులు, వేళ్ళ చివర్లు కాయలు కాసి బిరుసెక్కిపోయాయి. వేలు తాకినప్పుడు తన మీది విద్యుత్తులో వచ్చే చిన్న మార్పుని పట్టుకునే టచ్ ఫోన్ తెర పని చేస్తుంది, తోలు ఎండి మందంగా ఉంటే ఒక్కోసారి దానికి తాకినట్టే తెలియదు. ఆయన సరిగ్గానే నొక్కుతున్నారు, ఫోనే పట్టుకోవట్లేదు. బటన్ అయితే నొక్కినట్టు వేలికి తెలుస్తుంది. చీకట్లో కూడా పచ్చ బటన్ ఎక్కడుందో తడిమి పట్టుకుంటారు.

ఛార్జింగ్ నాలుగైదు రోజులు వస్తుంది. పొలంలో జేబులోంచి జారి మట్టిలో పడితే దులుపుకుని మళ్ళీ మాట్లాడతారు. మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పీఎం కిసాన్ పేరుతో, చలానా పేరుతో ఏపీకే ఫైళ్ళు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్ళు, వస్తుంటాయి, నొక్కి ఎక్కించుకుంటే ఖాతాలో డబ్బులు పోవచ్చు. అవి చూసినప్పటి నుంచి స్మార్ట్‌ఫోన్ ముట్టుకోవాలంటేనే ఆయనకి భయం. బ్యాంకు మెసేజ్‌లు, ఆధార్ ఓటీపీలు ఎలాగూ మామూలు ఎస్ఎంఎస్‌గానే వస్తాయి. చిన్న ఫోన్ నుంచి డబ్బు పంపాలన్నా 2022 నుంచి యూపీఐ 123పే ఉంది. ఆయనకి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి.

అమ్మ సంగతి పూర్తిగా వేరు. ఆమెకి స్మార్ట్‌ఫోన్ లేకపోతే తెల్లవారదు. మనవరాలి ముఖం చూడాలి, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వయసు వాళ్ళే. ఆమెకి నచ్చింది ఆమెది, ఆయనకి నచ్చింది ఆయనది. ఇందులో తెలివి తక్కువ, ఎక్కువ ఏముంది? చిన్న ఫోన్ అడిగిన మనిషిని చూడగానే "వీళ్ళకేం తెలియదు, ఏదిచ్చినా తీసుకుంటారు" అనుకుంటున్నారు చూడండి, అసలు మోసం అక్కడ మొదలవుతోంది. అడగడానికి మొహమాటపడే పెద్దవాళ్ళకే ఇవి అంటగడుతున్నారు. పదివేల ఫోన్ కొన్నవాళ్ళు తిరిగొచ్చి గొడవ చేస్తారు. రెండున్నర వేల ఫోన్ కోసం ఎవరొస్తారులే అన్న ధైర్యం అది.

ఈ ఉదయం 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నకిలీది తమ పేరుతో అమ్ముతున్నారు కాబట్టి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి కూడా ఫోటోలు పంపాను. డబ్బు తిరిగి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. బిల్లు లేకపోయినా డబ్బు పంపిన ఆధారం ఉంది, ఆ చీటీ మీద అతని చేతిరాత ఉంది.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. మీ సిమ్మే వేయించి, అక్కడే కాల్ చేసి చూడండి. షాపువాళ్ళ సిమ్‌తో చూపిస్తే ఒప్పుకోకండి. *#06# నొక్కి, పెట్టె మీదా బ్యాటరీ కిందా ఉన్న నంబర్లతో కలిసిందో లేదో చూసుకున్నాకే డబ్బివ్వండి. ఆ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఇంకొకటి, జియో వాళ్ళ సొంత బటన్ ఫోన్లలో వేరే కంపెనీ సిమ్ పని చేయదు, ముందుముందు నెట్‌వర్క్ మార్చాలనుకుంటే అది గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్ళని ఒంటరిగా పంపకండి. కుదరక పంపాల్సి వస్తే ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి పంపండి.

ప్రస్తుతం నాన్న దగ్గర ఏ ఫోనూ లేదు. ఆయన సిమ్ అమ్మ ఫోన్‌లో రెండో సిమ్‌గా వేశాను. నిన్న రాత్రి ఆయన ఎవరితోనో మాట్లాడాలంటే అమ్మే నంబర్ కలిపి చేతికిచ్చింది. ఇంకో ఫోన్ కొంటానంటే వద్దంటున్నారు. ఈ శనివారం కంపెనీ సొంత షోరూమ్‌కి ఆయన్నే తీసుకెళ్తాను. ఈసారి ఆయన సిమ్ ఆయన చేత్తోనే వేయించి, ఆయన మాట్లాడి సరే అన్నాకే బయటికి వస్తాం.

ఈ పండక్కి గుంటూరులో మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరైనా బటన్ ఫోన్ కొని ఉంటే ఇప్పుడే బ్యాటరీ తీసి నంబర్ చూడండి. కలవకపోతే కింద రాయండి. ఒక్కరి ఫిర్యాదు కన్నా పదిమందిది కలిపి ఇస్తే గట్టిగా ఉంటుంది, నేను అందరి వివరాలూ జతచేసి పంపుతాను.