ఒక వాక్యం, ఒక లైను నంబరు: నెట్‌హ్యాక్ వికీతో చాలాకాలం వేగాక

ఎక్స్‌కాలిబర్ అనే మహిమగల కత్తి కావాలంటే లాంగ్ స్వోర్డ్‌ని (పొడుగు కత్తిని) ఫౌంటెన్‌లో ముంచాలని నెట్‌హ్యాక్ అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. ఎన్నిసార్లు ముంచాలో అడిగితే మాత్రం తలా ఒక మాట. నాలుగైదు సార్లు చాలంటారు ఒకరు, లక్ (ఆట లోలోపల లెక్కపెట్టే అదృష్టం) బాగుంటే తొందరగా వస్తుందంటారు ఇంకొకరు. ఆడేవాళ్లే రాసుకునే నెట్‌హ్యాక్ వికీలో ఈ సంగతి చెప్పే వాక్యం చివర ఒక చిన్న అంకె ఉంటుంది. దాన్ని పట్టుకుని పోతే ఆట సోర్సు కోడ్‌లోని ఫౌంటెన్.సి అనే ఫైల్లో, ముంచడం సంగతి చూసే ఫంక్షన్ మొదట్లో దిగుతాం. అక్కడ రాసున్న షరతు ఇది: వస్తువు లాంగ్ స్వోర్డ్ అయ్యుండాలి, అది ఒక్కటే ఉండాలి, లెవెల్ 5 గానీ ఆపైన గానీ ఉండాలి, ఆ కత్తి అప్పటికే ఆర్టిఫాక్ట్ (సొంత పేరున్న ప్రత్యేక వస్తువు) కాకూడదు, ఎక్స్‌కాలిబర్ ఆ ఆటలో ఇంకెక్కడా పుట్టి ఉండకూడదు, వీటన్నిటి మధ్యలో !ఆర్‌ఎన్2(6). అంటే ఆరింట ఒక వంతు. లక్‌ని లెక్కలోకి తీసుకునే ఫంక్షన్ వేరే ఉంది, దాని పేరు ఆర్‌ఎన్‌ఎల్. ఈ షరతులో అది లేదు. వాదన అక్కడితో సరి.

అదే ఫంక్షన్ ఇంకాస్త కిందికి చదివితే, లాఫుల్ (ధర్మపక్షం) కానివాళ్లకి ఇదే ఆరింట ఒక వంతు శాపమై తగులుతుందని తెలుస్తుంది: కత్తి కర్స్ అవుతుంది, మూడింట ఒకసారి ఎన్‌చాంట్‌మెంట్ (కత్తి మంత్రబలం) కూడా ఒకటి తగ్గుతుంది. చివరికంటా పోతే, కత్తి రాని మునక తర్వాత ఫౌంటెన్ ఎండిపోయే అవకాశం మూడింట ఒకటని ఉంటుంది (ఆటలోని మైన్‌టౌన్ అనే ఊళ్లో అయితే కాపలావాళ్ల గొడవ వేరే). రెండూ కలిపి లెక్క వేస్తే 1/6ని 4/9తో భాగించాలి, 3/8 వస్తుంది. ఒక ఫౌంటెన్ ఎండేదాకా ముంచుతూ పోతే కత్తి దక్కే అవకాశం 37.5 శాతం. తుప్పు పట్టి మధ్యలోనే పని ఆగిపోయే సందర్భాల్లో ఎండడం దాకా పోదు కాబట్టి నిజానికి కాస్త పెరుగుతుంది. ఇంత లెక్క చేతికి రావడానికి పట్టేది రెండు నొక్కులు.

ఈ వికీని నెత్తిన పెట్టుకోవడానికి ఈ ఒక్క సౌకర్యం చాలు. వికీపీడియాలో పనిచేసిన అలవాటుతో వచ్చేవాళ్లకి మొదట తల తిరుగుతుంది. అక్కడ కోడ్ చదివి మనం తేల్చిన మాటని సొంత పరిశోధన అంటారు, మూడో మనిషి రాసిన మూలం అడుగుతారు. ఫౌంటెన్‌లో ఎన్నిసార్లు ముంచాలన్నది ఆట గైడు సరుకని తీసేస్తారు కూడా. వాళ్ల పని వాళ్లది, తప్పు పట్టలేం. ఇక్కడ అంతా తలకిందులు: పత్రికలో వచ్చిన మాట కంటే సి ఫైల్లో లైను గొప్ప. అది కుదరడానికి కారణం ఆట లైసెన్సు. నెట్‌హ్యాక్ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద కోడ్‌ని ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చు కాబట్టి, మొత్తం సోర్సునే వికీలో ఒక ప్రత్యేక పేరుబరిలో (నేమ్‌స్పేస్‌లో) పెట్టి, లైనుకో యాంకర్ తగిలించారు. వ్యాసంలో మూస (టెంప్లేట్) పెట్టి ఫైలు పేరు, లైను నంబరు ఇస్తే లంకె తయారు. మూసిన కోడున్న ఏ ఆట వికీకైనా ఇది అందని ద్రాక్షే.

చదవడంలో ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లు పడేది అక్కడే. ఆర్‌ఎన్2(6) ఇచ్చేది 0 నుంచి 5 దాకా. ముందు ఆశ్చర్యార్థకం ఉంటే సున్నా పడినప్పుడే షరతు నిజం, అది ఆరింట ఒకటి. ఆశ్చర్యార్థకం లేకపోతే ఆరింట అయిదు. ఆ ఒక్క గుర్తు కంటికి ఆనకపోతే వ్యాసంలో 17 శాతానికి బదులు 83 శాతం అచ్చవుతుంది, పక్కన లైను నంబరు మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఆర్‌ఎన్‌డి(30) అయితే 1 నుంచి 30. ఫౌంటెన్ నీళ్లు తాగినప్పుడు పడే పాచిక అదే. మామూలు ఫౌంటెన్‌లో 23 పడితే వాటర్ డీమన్ వస్తాడు. వచ్చినవాడు కోరిక తీర్చాలంటే ఆర్‌ఎన్‌డి(100) విలువ 80కి ఆ అంతస్తు కష్టాన్ని కలిపితే వచ్చేదాన్ని మించాలి. మొదటి అంతస్తులో 81ని మించాలి, అంటే 19 శాతం. ముప్పైతో భాగిస్తే ఒక గుక్కకి సుమారు 158లో ఒకటి. కష్టం 20 గానీ ఆపైన గానీ ఉన్న చోట అవకాశం సున్నా. 'మించాలి' అన్నదాన్ని 'సమానమైనా చాలు' అని చదివితే 20 శాతం అవుతుంది. ఇలాంటి ఒక్క శాతం తేడాల మీద చర్చ పేజీల్లో జరిగే పోట్లాటలు, బయటివాళ్లకి పిచ్చిలా కనబడతాయి గానీ, వికీ నిలబడింది వాటి మీదే.

ఇక అసలు దెబ్బ. 3.4.3 వెర్షను 2003 డిసెంబరులో వచ్చింది. దాని తర్వాతి విడుదల 3.6.0 వచ్చింది 2015 డిసెంబరులో. మధ్యలో పన్నెండేళ్లు కోడ్ కదల్లేదు. లైను నంబర్లతో వ్యాసాలు రాసే పద్ధతి అంత బాగా పండిందంటే, కదలని రాయి దొరకబట్టే. 2010లో వికీ పాత హోస్టింగు వదిలేసి సొంత చిరునామాకి మారినప్పుడు కూడా ఆ రాయి చెక్కుచెదరలేదు. 3.6.0తో నియమాలు మారడం ఒక ఎత్తు, కోడ్ అంతటినీ కొత్త శైలిలో సర్దడం ఇంకో ఎత్తు. మారని ఫంక్షన్లు కూడా వేరే లైన్లకి జరిగిపోయాయి. వేల సూచికలు ఒక్కసారిగా పాతబడ్డాయి.

పాతబడటం కాదు అసలు కష్టం. పాత మాట, పాత లైను జంటగా ఉన్నంతకాలం ఎవరూ మోసపోరు: నొక్కితే 3.4.3 పేజీ తెరుచుకుంటుంది, పైన వెర్షను కనబడుతుంది, చదివేవాడు జాగ్రత్తపడతాడు. కొత్త మాటకి పాత లైను తగిలించినా ఫర్వాలేదు, పొంతన కుదరదు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పాత మాటకి కొత్త లైను తగిలితేనే కొంప మునిగేది. మంచి ఉద్దేశంతో ఎవరో కూర్చుని, ఫంక్షన్ పేరు వెతికి, కొత్త వెర్షన్లో అదెక్కడుందో చూసి నంబరు మార్చేస్తారు. దిద్దుబాటు సారాంశంలో 'లైను నంబర్ల తాజాకరణ' అని రాస్తారు. వాక్యం మాత్రం మళ్లీ చదవరు. ఆపైన ఆ పాత మాటకి కొత్త ముద్ర పడ్డట్టే.

ఎల్బెరెత్ పేజీ ఇందుకు మచ్చు. నేల మీద ఎల్బెరెత్ అని చెక్కి దాని మీద నిలబడితే చాలా జీవులు మీదికి రావడానికి జంకుతాయి. మనుషులు, మినోటార్లు, రైడర్లు లెక్కచెయ్యరు, అది వేరే సంగతి. మట్టిలో వేలితో రాసింది కొట్లాటలో చెరిగిపోతుంది కాబట్టి 3.4.3 కాలంలో తెలివైనవాళ్లు ఆ పేరుని ఒకే చోట రెండుమూడు సార్లు వరసగా రాసేవాళ్లు. ఒక దానిలో అక్షరం పోయినా పక్కది కాపాడేది. అది పనిచెయ్యడానికి కారణం ఎన్‌గ్రేవ్.సిలో ఎస్‌ఈఎన్‌జీఆర్-యాట్ అనే ఫంక్షన్. రాసిన మొత్తంలో ఆ పేరు ఎక్కడైనా ఉందా అని మాత్రమే అది వెతికేది, ఆ వెతుకులాట చేసేది స్ట్ర్‌స్ట్రై.

3.6.0లో అదే ఫైలు, అదే ఫంక్షన్, అదే పేరు. చేరింది ఒక్క పరామితి (ఫంక్షన్‌కి పంపే విలువ): స్ట్రిక్ట్. కొత్త లైను చెప్పేదేమిటంటే, స్ట్రిక్ట్ అయితే ఫజ్జీమ్యాచ్‌తో మొత్తం పోల్చు, కాకపోతే పాతలాగే స్ట్ర్‌స్ట్రైతో వెతుకు. సరి చూద్దామని వచ్చినవాడి కన్ను ఎక్కడ పడుతుంది? తెలిసిన పేరు మీద. స్ట్ర్‌స్ట్రై ఉందిగా, పాత మాట నిజమేనని వెళ్లిపోతాడు. జవాబు ఆ ఫైల్లోనే లేదు. మాన్‌మూవ్.సిలో జీవి భయపడాలో వద్దో తేల్చే ఆన్‌స్కేరీ అనే ఫంక్షన్ దీన్ని పిలిచేటప్పుడు చివర 'నిజం' అని పంపుతుంది. అంటే ఎల్బెరెత్ విషయంలో ఎప్పుడూ స్ట్రిక్టే. గడిలో ఆ పేరొక్కటే ఉండాలి. రెండుసార్లు రాస్తే రెట్టింపు కాపలా దొరకదు సరికదా, ఉన్నది కూడా పోతుంది. పాత సలహా నమ్మి మూడుసార్లు రాసుకుని సోల్జర్ చీమల ముందు నిలబడ్డవాడికి ఆ మూడు పేర్లూ సమాధి మీద రాతే.

ఇంకా ఉంది. 3.6 వరసలో దాని మీద నిలబడి కత్తితో కొడితే రాత చెరిగిపోతుంది, మెరుపు మంత్రదండంతో కాల్చి రాసినా సరే. ఒక జీవి భయపడ్డ ప్రతిసారీ కూడా ఏడింట ఒక వంతు చెరిగే అవకాశం ఉంది. 3.4.3లో కాల్చిన రాత మీద నిలబడి హాయిగా బాణాలు వేసుకోవచ్చన్న సలహా ఒక్కటి మిగిలిపోయినా ప్రమాదమే.

అందుకని ఇప్పుడు సూచిక దిద్దే పద్ధతి కాస్త నెమ్మదిది. ముందు ఆటలో చిన్న వి నొక్కి వెర్షను చూసుకోవాలి. సర్వర్ల మీద ఆడేవాళ్లు దీన్ని తప్పించుకోకూడదు, అక్కడ సొంత ప్యాచ్‌లు కలిపిన బిల్డులు ఉంటాయి. తర్వాత సోర్సులో డాక్ ఫోల్డర్లో ఫిక్సెస్ అని మొదలయ్యే ఫైళ్లుంటాయి, మారినవి ఒక్కో వాక్యంలో ఉంటాయి. వ్యాసం అంశాన్ని అందులో వెతకాలి. ఆ తర్వాతే ఫంక్షన్ తెరవాలి, తెరిచాక ఆ లైనొక్కటే కాదు, ఫంక్షన్ మొత్తం చదవాలి. పరామితుల సంఖ్య పాతదాంతో పోల్చాలి, పెరిగి ఉంటే దాన్ని పిలిచే చోట్లన్నీ చూడాలి. ఎల్బెరెత్ లాంటి చోట సూచికలు రెండివ్వాలి: పనిచేసే ఫంక్షన్‌కి ఒకటి, పిలిచే చోటుకి ఒకటి. మూసలో వెర్షను తప్పక రాయాలి. వెర్షను లేని సూచిక కనబడితే 3.4.3 కాలం నాటిదని అనుకునే చదవాలి. తీరిక లేకపోతే నంబరు ముట్టుకోకుండా, పేజీని తాజాకరణ అవసరమని చెప్పే వర్గంలో వేసి వెళ్లడం ఎంతో మేలు. సగం పని కంటే ఆ చీటీ నయం.

పైన చెప్పిన పొగడ్తలోంచి కొంత వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. లైను నంబరు చెప్పేది మూలం ఎక్కడుందో మాత్రమే, రాసినవాడు దాన్ని సరిగా చదివాడని కాదు. 3.4.3 సోర్సు పేజీల్లో లైన్ల మధ్య అభిమానులు రాసిన వివరణలు ఉండేవి, సి రానివాళ్లకి అవే దిక్కు. తర్వాతి వెర్షన్ల పేజీల్లో చాలావాటికి ఒట్టి కోడే. వ్యూహం అన్న శీర్షిక కిందకి వస్తే సూచికలు పలచబడతాయి. అక్కడ రాసేవి అభిప్రాయాలు, వాటిని కోడ్ తేల్చలేదు. ఆ రెండు రకాల వాక్యాలూ ఒకే పేజీలో ఒకే గొంతుతో పలకడం చికాకు. వేరియంట్ల (అదే కోడ్ నుంచి ఇతరులు మార్చి చేసిన ఆటల) సంగతీ అంతే. స్లాషెమ్, అన్‌నెట్‌హ్యాక్, ఎక్స్‌నెట్‌హ్యాక్ ముక్కలు పేజీ అడుగున ఉండాల్సినవి, అప్పుడప్పుడు పైకి పాకి మామూలు ఆట నియమాల్లో కలిసిపోతాయి. పాత హోస్టింగులో మిగిలిన కాపీ వెతుకులాటలో తగిలినప్పుడు దాన్ని వికీ అనుకుని చదవడం ఇంకో గొయ్యి.

3.6.6 ఒక్కటే, సొంత మెషిన్ మీద ఆడుతూ, సి కాస్తో కూస్తో చదవగలిగే నాలాంటివాళ్లకి దీన్ని మించింది లేదు, ఇప్పటికీ అదే మాట. సి అసలు రానివాళ్లకి అంత ధైర్యంగా చెప్పలేను. వాళ్లు సూచిక వెర్షను, పేజీ చరితంలో ఆ వాక్యం చివరిసారి మారిన తేదీ చూసి నమ్మకం కొలుచుకోవాలి. 3.7 కోడ్ మీద ఆడేవాళ్లు 'రాబోయే వెర్షను' అని పెట్టెలో కట్టిన ముక్కల్ని ముందు చదవాలి. ఎక్స్‌కాలిబర్ షరతు అక్కడ మారింది: నైట్ పాత్ర ఎంచుకున్నవాళ్లకి ఆరింట ఒకటే, మిగతా అందరికీ ముప్పైలో ఒకటి. ఫౌంటెన్ ఎండే లెక్క అలాగే వేస్తే 3/32, ఒక ఫౌంటెన్‌కి తొమ్మిది శాతం చిల్లర. పాత 37.5 మనసులో పెట్టుకుని రెండు ఫౌంటెన్లున్న అంతస్తు దొరికిందని సంబరపడితే, పాములూ నింఫ్‌లూ తేలడమే ఎక్కువ.