డకోటా: కాశ్మీర్ కొండల మీద పల్లెవెలుగు

డొక్కు బస్సు కనబడితే ‘డకోటా బండి’ అని వెక్కిరించడం మనకు అలవాటు. ఆ పేరు గల అసలు విమానం డగ్లస్ సి-47. దాని పనితనం తెలియాలంటే 1947–48 కాశ్మీర్ యుద్ధంలో అదేం చేసిందో చూడాలి. దేశ విభజనతో పాటు వైమానిక దళాన్నీ పంచారు, డకోటాలు రెండు వైపులకూ వెళ్లాయి. మూడు నెలలు తిరగకముందే రెండు దేశాలూ కాశ్మీర్ కోసం తలపడ్డాయి. ఒకే యంత్రాన్ని ఇద్దరు యజమానులు అవే కొండల్లో నడిపి చూశారన్నమాట. సమీక్షకు ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు.

ముందు కాగితం మీది లెక్కలు. ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజన్లు రెండు. ఒక్కోదానికి 14 సిలిండర్లు, 1,200 హార్స్‌పవర్. మామూలు వేగం గంటకు 260 కిలోమీటర్ల దాకా. మోయగలిగిన సరుకు దాదాపు 2,700 కిలోలు, మనుషులైతే 28 మంది సైనికులు. షోరూంలో చెప్పే మైలేజీకీ రోడ్డు మీద వచ్చే మైలేజీకీ ఎంత తేడా ఉంటుందో, ఇక్కడా అంతే.

1947 అక్టోబరు 27న ఒకటో సిక్కు పటాలాన్ని ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు చేర్చిన రోజున ఒక్కో విమానంలో ఎక్కింది 28 మంది కాదు, అటూ ఇటూగా 15 మంది, వాళ్ల సామాను. కారణం పెట్రోలు. శ్రీనగర్ మైదానం మహారాజా గారి చిన్న విమానాల కోసం చదును చేసింది. అక్కడ ఇంధనం పోసే ఏర్పాటు లేదు, రాత్రి దిగడానికి దీపాలు లేవు. రానూపోనూ దాదాపు 1,300 కిలోమీటర్లకు సరిపడా పెట్రోలు ఢిల్లీలోనే నింపుకోవాలి. పెట్రోలు బరువు పెరిగినకొద్దీ మనుషుల్ని తగ్గించుకోవాలి. వైమానిక దళం విమానాలు చాలక ప్రైవేటు కంపెనీల డకోటాలను కూడా తెచ్చారు. కళింగ ఎయిర్‌లైన్స్ అధిపతి బిజూ పట్నాయక్ స్వయంగా నడిపారు.

పూంఛ్ దగ్గర దీని అసలు గుణం బయటపడింది. ముట్టడిలో చిక్కుకున్న ఊరది. లెఫ్టినెంట్ కల్నల్ ప్రీతమ్ సింగ్ అక్కడి సైనికుల చేత, శరణార్థుల చేత నేల చదును చేయించి విమానం దిగేందుకు 600 గజాల పట్టీ తయారు చేయించారు. మూడు పక్కలా నీళ్లు, చుట్టూ కొండలు. 1947 డిసెంబరులో మొదటిసారి దిగింది ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్. విడదీసిన కొండ ఫిరంగుల్ని తీసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో శరణార్థుల్ని ఎక్కించుకొచ్చేవారు. 1948 నవంబరులో రోడ్డు దారి తెరుచుకునే దాకా ఊరు ఈ పట్టీ మీదే బతికింది. సిమెంటు రన్‌వే అక్కర్లేదు, మెత్తటి లావు టైర్లతో మట్టి మీదా గడ్డి మీదా దిగుతుంది. పల్లెవెలుగు బస్సులా ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగే సుగుణం ఇదే. దీనికి పూర్తి మార్కులు.

సరుకు ఎక్కించడం మాత్రం నరకం. తోకచక్రం బండి కాబట్టి నేల మీద ముక్కు పైకి, తోక కిందికి ఉంటుంది. తలుపేమో వెనక ఎడమ పక్కన. అక్కడ ఎక్కించిన ఫిరంగి గొట్టాన్ని ఎగుడు నేల మీద ముందుకి తోయాలి, ఎందుకంటే బరువు రెక్కల దగ్గర ఉండాలి. తాళ్లతో బిగించి కట్టకపోతే విమానం లేచేటప్పుడు సరుకంతా వెనక్కి జారుతుంది, ముక్కు ఇంకా పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది. ఆ ఎత్తులో ఇక సర్దుకునే అవకాశం ఉండదు.

ఇంజనుతో ఇంకో తంటా. సిలిండర్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి కనుక, కాసేపు ఆపి ఉంచితే నూనె కింది సిలిండర్లలోకి చేరుతుంది. చూసుకోకుండా స్టార్టు నొక్కితే పిస్టన్ ఆ నూనెని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయకూడదు, కింది స్పార్క్ ప్లగ్గులు విప్పి నూనె కార్చేయాలి.

ఎత్తు దీని పెద్ద బలహీనత. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు. నిండు బరువుతో ఒక ఇంజన్ ఆగితే పీర్ పంజాల్ శిఖరాల ఎత్తున నిలబడలేదు. అయినా 1948 మే 24న మెహర్ సింగ్, పక్కన మేజర్ జనరల్ తిమ్మయ్యను కూర్చోబెట్టుకుని, జోజిలా కనుమ దాటి లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగారు. దారిలో 23,000 అడుగుల దాకా ఎక్కాల్సి వచ్చింది. అక్కడి పట్టీని సిద్ధం చేసింది ఇంజనీరు సోనమ్ నోర్బు. దాదాపు 11,500 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతమే. మీటరులో వేగం మామూలుగానే కనబడుతుంది, నేల మీద మాత్రం చక్రాలు దాదాపు 20 శాతం ఎక్కువ వేగంతో తాకుతాయి. పైకి లేవడానికి అంతకంటే చాలా ఎక్కువ పరుగు కావాలి. ఎండెక్కితే గాలి ఇంకా పలచబడుతుంది, లోయలో ఈదురుగాలి మొదలవుతుంది. పొద్దున్నే వెళ్లి పొద్దున్నే రావాలి.

బాంబర్‌గా వాడటం గురించి ఒక్క మాట: తలుపులోంచి చేత్తో దొర్లించడమే. గురి కుదరదు. అవసరానికి చేశారు, అంతే.

దీనివల్ల కానిది కూడా ఉంది. సింధు లోయలోని స్కర్దూ కోటలో భారత పక్షం సైనికులు ముట్టడిలో చిక్కుకున్నారు. అక్కడ దిగడానికి పట్టీ లేదు, ఇరుకు లోయలో సరుకు జారవిడవడం డకోటాకు కుదరలేదు. టెంపెస్ట్ ఫైటర్ల రెక్కల కింద డబ్బాలు కట్టి కొంత వేశారు, చాలలేదు. ఆ కోట 1948 ఆగస్టు 14న లొంగిపోయింది. తర్వాత పాకిస్తాన్ డకోటాలు సింధు లోయ వెంట అదే స్కర్దూకి సరుకు మోశాయి. నవంబరు 4న అలా వెళ్లిన ఒకదాన్ని రెండు భారత టెంపెస్ట్‌లు తరిమాయి. పైలట్ ముఖ్తార్ డోగర్ ఇరుకు లోయలోకి దిగిపోయి, మలుపులు తిప్పుతూ తప్పించుకున్నాడు. వేగం సగమైతే తిరిగే వలయం నాలుగో వంతుకి తగ్గుతుంది. ఫైటర్‌కి దొరకని ఆ సందు డకోటాకు దొరికింది. నిదానమే దీని కవచం అంటే నవ్వకండి.

నవంబరు 1న జోజిలా దగ్గర శత్రువు అడ్డును బద్దలుకొట్టిన స్టువర్ట్ ట్యాంకులు ఒక్కోటి 13 టన్నుల పైమాటే. అవి డకోటాలో పట్టవు. టరెట్లు విప్పి, గుడ్డలు కప్పి, రోడ్డు మీదే రహస్యంగా తరలించారు.

ఎగిరే స్థితిలో ఉన్నదాన్ని చూడాలంటే భారత వైమానిక దళం వారసత్వ విమానాల్లో ‘పరశురామ’ ఉంది. బ్రిటన్‌లో బాగు చేయించి 2018లో హిండన్‌కు తెచ్చారు. తోక మీద విపి 905 అని ఉంటుంది. అక్టోబరు 27న శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా నంబరది. లోపలికి ఎక్కనిస్తే తలుపు దగ్గర నుంచి పైలట్ గది దాకా ఒకసారి నడవండి. ఖాళీ చేతులతో వెళ్లినా అది మెట్ట ఎక్కినట్టే ఉంటుంది.