న్యూరోట్రాక్ మయోప్లస్ ప్రో: పక్షవాతం వచ్చిన చేతికి ఇంట్లో బయోఫీడ్‌బ్యాక్

మణికట్టు పైకెత్తమంటే చెయ్యి కదలదు. అయినా చాలామందికి ముంజేతి కండరంలో చిన్న విద్యుత్ అలికిడి ఉంటుంది. కంటికి కనపడని ఆ అలికిడిని మైక్రోవోల్టుల్లో అంకెగా, బీప్‌గా చూపించడమే ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ పని. బ్రిటన్‌లోని వెరిటీ మెడికల్ వారి ఈ యూనిట్ బ్యాటరీతో నడుస్తుంది. అలికిడే లేని చేతికి మాత్రం ఈఎంజీ మోడ్ వల్ల ఉపయోగం లేదు. అందుకే కొనేముందు ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి పెట్టించి చూడండి.

ప్యాడ్లు అంటించడంలోనే సగం పనుంది. చిన్న ప్యాడ్లు రెండూ మోచేతికి నాలుగు వేళ్ల కింద, ముంజేతి వెనకవైపు, కండరం పొడవునా పక్కపక్కనే పెట్టాలి. పోలిక కోసం పెట్టే రెఫరెన్స్ ప్యాడ్ మోచేతి ఎముక మీదికి వెళ్తుంది. ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. మన ఇళ్లలో పొద్దున్నే నూనె మర్దన చేస్తారు కదా, ఆ జిడ్డు మీద ప్యాడ్ నిలవదు, అంకె ఊగిపోతుంది. మర్దన సెషన్ అయ్యాకే చేయండి. ప్యాడ్ల చోటు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. చోటు కాస్త మారినా నిన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ పోలిక ఉండదు.

మూడుసార్లు ప్రయత్నించమని, వచ్చిన గరిష్ఠంలో 70–80 శాతం దగ్గర గీత, అంటే దాటితే బీప్ మోగే హద్దు, పెట్టండి. 20 వస్తే 15 అన్నమాట. 5 సెకన్లు బిగించి, 10 సెకన్లు వదలాలి. ఇలా పది పదిహేనుసార్లు చాలు. గీత మరీ ఎత్తులో ఉంటే మనిషి ఊపిరి బిగబట్టి భుజం ఎగరేస్తారు.

దీని అసలు విలువ రెండో చానెల్‌లో, అంటే మరో కండరాన్ని విడిగా కొలిచే రెండో జత ప్యాడ్లలో ఉంది. పిడికిలి బిగించినా మొదటి చానెల్‌లో అంకె లేస్తుంది, బీప్ మోగుతుంది, ఇంట్లోవాళ్లు సంబరపడతారు. చెయ్యి మాత్రం తెరుచుకోదు! రెండో చానెల్‌ను ముంజేతి లోపలివైపు కండరాలకు పెట్టి, మొదటిది లేస్తున్నప్పుడు ఇది కిందే ఉండేలా సాధన చేయించాలి. ఒకే చానెల్ యంత్రం చవకగా వచ్చినా వద్దు.

గీత దాటగానే కరెంటు ఇచ్చి మణికట్టును లేపే ఈటీఎస్ మోడ్ బాగుంది. పేస్‌మేకర్ ఉన్నవారు దాని జోలికి పోకూడదు. స్పర్శ తెలియని చర్మం కాలే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటివారు డాక్టరును అడగాలి. చూపు ఒకవైపు పోయినవారికి ఈ చిన్న తెర కష్టమే, బీప్‌నే నమ్ముకోవాలి.

ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్‌ను మామూలు చికిత్సలో భాగంగా సిఫారసు చేయలేమని 2007 నాటి కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసే సమీక్ష) తేల్చింది, అధ్యయనాలన్నీ చిన్నవి. కాబట్టి గ్లాసు అందుకోవడం, తువ్వాలు మడవడం లాంటి సాధన మానేసి దీన్నే పట్టుకోవద్దు. సెషన్ చివరి ఐదుసార్లు బీప్ ఆపేసి, తెర అటు తిప్పి చేయించండి. అప్పుడు కూడా అంకె గీత దాటితేనే నేర్చుకున్నట్టు లెక్క.