ఇనుప కుర్చీలకు ఎనామెలా, పౌడర్ కోటింగా? అల్లికకు ఏ నవారు?

మేడ మీదా, పెరట్లోనూ ఎండావానలకు పాతబడిన ఇనుప గొట్టాల కుర్చీలను, నవారు మంచాలను బాగుచేయదలచినవారు తరచుగా అడిగేవి రెండే ప్రశ్నలు: ఇంట్లోనే కుంచెతో ఎనామెల్ రంగు వేసుకోవాలా, పౌడర్ కోటింగ్‌కు ఇవ్వాలా, అల్లికకు నూలు నవారు మంచిదా, ప్లాస్టిక్ నవారు మంచిదా.

కొత్తగా ఉన్నప్పుడు చూస్తే పౌడర్ కోటింగ్‌దే పైచేయి. విద్యుదావేశంతో ఇనుముకు అంటిన పొడిని సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చినప్పుడు అది కరిగి, సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్ల మందాన గట్టిపడుతుంది కనుక కుంచె గీతలు గానీ, రంగు కారిన చారలు గానీ ఉండవు. అయితే ఈ పొడుల్లో ఎపాక్సీ రకం ఎండకు వెలిసి సుద్దలా రాలుతుంది. ఆరుబయట వాడే వస్తువుకు పాలిస్టర్ పొడినే వేయమని ముందే అడగాలి.

నేను మాత్రం మొదటి పెచ్చు లేచిన తర్వాత ఏమవుతుందనే దాన్నిబట్టే నిర్ణయిస్తాను. కుర్చీలను మేడ మీద ఈడుస్తాము, ఒకదానిపై ఒకటి పేరుస్తాము. ఎంత గట్టి పూత అయినా ఎక్కడో ఒకచోట దెబ్బ తింటుంది. పైగా తుప్పు ఎక్కువగా మొదలయ్యే చోటు వెల్డింగు అతుకు, అక్కడి ఇరుకు మూలల్లోకి విద్యుదావేశపు పొడి సరిగా చేరదు. పెచ్చు లేచిన చోట చేరిన నీరు పూత అడుగున మెల్లగా పాకుతుంది. పైకి నిగనిగలాడుతున్న పొర కింద ఇనుము తినివేయబడుతున్న సంగతి ఆలస్యంగా గాని తెలియదు. అప్పుడు పాత పూత మొత్తం తీయించి మళ్ళీ పొయ్యిలో పెట్టించాలి, ఒకటి రెండు కుర్చీల కోసం ఆ పని పెట్టుకోవడానికి కార్ఖానాలవారు అంతగా ఇష్టపడరు. ఎనామెల్‌కు ఈ చిక్కు లేదు. తుప్పు పట్టిన చోటును తీగ బ్రష్‌తో, ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, తుప్పును అడ్డుకునే అడుగు పూత అయిన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, ఆరిన తర్వాత రెండు పలుచని పూతలు వేస్తే ఆ మేరకు మరమ్మతు పూర్తవుతుంది. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ రంగు వేయవలసి రావడం దాని లోపమే, కానీ ఆ పని ఇంటివారి చేతిలోనే ఉంటుంది. కాబట్టి కదలకుండా ఒకచోటే ఉండే ఉయ్యాల స్టాండుకు పౌడర్ కోటింగ్, రోజూ అటూ ఇటూ జరిగే కుర్చీలకు ఎనామెల్ అనేది నా అభిప్రాయం.

జీఐ గొట్టాలకు, అంటే జింకు పూత ఉన్న ఇనుప గొట్టాలకు, మాత్రం సాధారణ ఎనామెల్‌ను నేరుగా పూయకూడదు. జింకు పూతతో చర్య జరిగి రంగు పొరలుగా ఊడుతుంది కనుక ముందు జింకుకు రంగు పట్టుకునేలా చేసే ఎచ్ ప్రైమర్ వేయాలి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలోనైతే ఇనుమును మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టనిదే ప్రైమర్ వేయరాదు, ఎందుకంటే ఉప్పు మిగిలితే పూత బుడగలుగా లేస్తుంది. కాళ్ళ కింది రబ్బరు తొడుగుల్లో నిలిచే నీరు గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది. బయట ఏ రంగు వేసినా దానిని ఆపలేదు కనుక తొడుగులకు అడుగున చిన్న రంధ్రం చేయడం అవసరం.

నవారు విషయంలో మీద కప్పు ఉందా లేదా అన్నదే ప్రశ్న. వసారాలో నూలు నవారుకు సాటి లేదు: ఒంటికి చల్లగా ఉంటుంది, జారదు, వదులైతే బిగించుకోవచ్చు, మాసితే విప్పి ఉతికి ఆరేసి మళ్ళీ అల్లుకోవచ్చు. వానకు తడిసే చోట మాత్రం అది ఆలస్యంగా ఆరి బూజు పట్టి చీకిపోతుంది. ప్లాస్టిక్ నవారు తడికి చెడదు గానీ, ఎండ తట్టుకునే రసాయనం కలపని పాలీప్రొపిలీన్ రకమైతే కాలక్రమేణా పెళుసై తునుగుతుంది. చవకగా దొరికిందని కొంటే కూర్చున్నప్పుడే తెగుతుంది. పూర్తిగా ఆరుబయట ఉండే కుర్చీకి పాలిస్టర్ పట్టీ మేలు. మెత్తలు వాడేవారు నార తీసే దశలోనే రంగు కలిపిన అక్రిలిక్ గుడ్డను ఎంచుకుని, పాలిస్టర్ దారంతో కుట్టించి, వాన వచ్చే ముందు లోపలికి తీసుకువెళ్ళాలి. రెక్సిన్ ఎండకు కాలుతుంది, పగులుతుంది. దాని గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

ఏది ఎంచుకున్నా, నవారు పాతదైనా విప్పిన తర్వాతే రంగు పని మొదలుపెట్టాలి, ఎందుకంటే తుప్పు ఎక్కువగా దాగేది పట్టీ చుట్టుకున్న చోటే. వానాకాలపు తేమలో ఎనామెల్ సరిగా ఆరదు కనుక మాఘ ఫాల్గుణాలు ఈ పనికి అనువైనవి. పూత పైపైన ఆరినట్టు కనిపించినా, వారం రోజుల వరకు అల్లిక బిగించకూడదు.