పోర్షా 914 గేర్ లింకేజ్ కొంటున్నారా? ఈ అమ్మేవాడితో జాగ్రత్త

నేను డాలస్‌లో ఉంటాను, నాది 1974 మోడల్ 914. గేర్ లివర్ పప్పులో గరిటెలా తిరుగుతోందని ఆన్‌లైన్‌లో "పూర్తి లింకేజ్ సెట్, కొత్తది" (లివర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే రాడ్, దాని జాయింట్లు) అని చూసి 180 డాలర్లు పెట్టి కొన్నాను.

ఈ కారులో ఇంజన్ సీట్ల వెనక, గేర్‌బాక్స్ ఇంకా వెనక. లివర్ దగ్గర మొదలైన రాడ్ అంత దూరమూ పోవాలి. దాన్ని ఆటలేకుండా పట్టి ఉంచేవి చిన్న ప్లాస్టిక్ బుష్‌లే. పైగా 1972 మోడల్ దాకా రాడ్ వెళ్లి గేర్‌బాక్స్ తోకకు తగులుకుంటుంది, 1973 నుంచి పక్కన. ఒకదాని లింకేజ్ ఇంకోదానికి పనికిరాదు. అదే అడిగితే "అన్ని 914లకీ పడుతుంది" అన్నాడు. నేను అక్కడే ఆగాల్సింది. ఆగకపోగా, ఫీజు మిగులుతుందని స్నేహితుడికి పంపినట్టు డబ్బు పంపాను. అలా పంపితే కొన్నవాళ్లకి ఉండే రక్షణ వర్తించదు, డబ్బు తిరిగి రావడం కష్టం. ఆ తెలివితక్కువ పని నాదే.

వచ్చిన రాడ్ మాత్రం అదృష్టంకొద్దీ పక్కన తగిలే రకమే, అంటే నా కారుకి సరిపోయేదే. బుష్ మీద గోరు నొక్కితే గాటు పడింది, అంత మెత్తన. అసలు మోసం స్క్రూలో ఉంది. రాడ్‌ని జాయింట్‌కి బిగించే ఆ స్క్రూ మొన శంకువులా ఉండి రాడ్ గుంటలో కూర్చోవాలి. ఇతను పంపిన దాని మొన చదును. గుంటలో దిగకుండా అంచు మీద ఆనుకుని, బిగిసినట్టే అనిపించింది.

మూడో రోజు సిగ్నల్ దగ్గర ఒకటి నుంచి రెండుకి వేస్తే గర్రుమంది. ఈ బాక్సులో ఒకటి ఎడమవైపు కింద, దానికి ఎదురుగా పైన రివర్స్, రెండు దాని పక్క వరసలో. రాడ్ కాస్త తిరిగిపోయేసరికి లివర్ రెండు బదులు రివర్స్ వైపు పోయింది! వెనక హారన్లు, నాకు చెమటలు. విప్పి చూస్తే రాడ్ మీద స్క్రూ గీసిన మెరుపు గీత, బుష్ నిలువునా చీలి ఉంది.

పాత స్క్రూ పారేయకపోవడం మంచిదైంది, ప్రస్తుతం దానితోనే నడుస్తోంది. మీరు కొనేముందు స్క్రూ మొన ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. ఇవ్వనంటే వదిలేయండి.

డబ్బు సంగతి ఎత్తగానే అతను నన్ను బ్లాక్ చేశాడు. నిన్న అవే ఫొటోలతో, వేరే పేరుతో మళ్లీ ప్రకటన పెట్టాడు. పార్టుల కింద నీలం గళ్ల తువ్వాలు, దాని మూలన గ్రీజు మరక కనిపిస్తే అతనే.